కిటికీ కొలత

చంటికి చాలా ఏళ్లుగా ఒక అనుమానం ఉంది. మనుషులనడిగితే నవ్వుతారని అడగలేదు. దేవుణ్ణే అడుగుదామంటే, అనుమానం మొదలైందే ఆయన ముందు కాబట్టి మొహమాటం అడ్డొచ్చింది.

అన్నయ్య ఇంట్లో పొద్దున్నే దీపం పెట్టే పని ఆమెదే. దీపం పెట్టి, కళ్లు మూసుకుని, "ఈ ఇల్లు చల్లగా ఉండాలి తండ్రీ" అనుకునేది. అనుకున్నాక ఒక్క క్షణం ఆగేది. ఈ ఇల్లు అంటే అందులో తనూ ఉందా? లేక ఇంటివాళ్ల తరఫున విన్నవించుకోవడానికి వచ్చిన మనిషేనా? పేరుపేరునా చెప్పుకునేటప్పుడు అన్నయ్య, వదిన, మేనల్లుడు, కొత్తగా కాపురానికి వచ్చిన అతని భార్య, అందరూ వరసగా నోటికి వచ్చేవాళ్లు. తన దగ్గరికి వచ్చేసరికి సిగ్గేసేది. వడ్డించే మనిషి ముందు తన కంచంలో వేసుకోదు కదా అని సర్దిచెప్పుకుని లేచిపోయేది.

ఇప్పుడు ఆమె ఉంటున్నది వేరే గది. మూడో అంతస్తులో ఒకే ఒక్క గది. అందులోనే ఒక మూల వంటగట్టు, ఇంకో మూల స్నానాలగది తలుపు, వీధివైపు ఒక కిటికీ. మేనల్లుడి పెళ్లయ్యాక హాల్లో ఆమె మడతమంచానికి చోటు లేకుండా పోయింది. "కొన్నాళ్లు విడిగా ఉండు చంటీ" అన్నాడు అన్నయ్య. ఎన్నాళ్లో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. యాభై దాటిన మనిషిని ఇంకా చంటి అనే పిలిచే ఇంట్లో అలాంటివి పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలు. అద్దె మాత్రం ఆమె జీతంలోంచే పోయేది.

గదిలో దిగిన రోజున ఆమె చెప్పులు విడిచి, గోడ వారగా ఆ మూల నుంచి ఈ మూలకి నడిచింది. నేల చల్లగా ఉంది. ఎవరి కాళ్లూ తగల్లేదు. ఆ మధ్యాహ్నం గది మధ్యలో వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ బారచాపి, ఎవరైనా చూస్తారేమోనని తలుపువైపు చూసి, ఎవరూ చూడరని గుర్తొచ్చి, అలాగే కునుకు తీసింది.

ఆ సుఖం ఎన్నాళ్లో నిలవలేదు. రెండో తాళంచెవి అన్నయ్య దగ్గర ఉంది. చంటి పనికి వెళ్లిన వేళ చూసి మేనల్లుడు వచ్చి సామాను దించి వెళ్లేవాడు. ముందు ఒక ఇనప బీరువా వచ్చింది. దానికి ఒక తలుపు సరిగ్గా పడదు. తర్వాత నాలుగు కుర్చీలు వచ్చాయి, వాటి బల్ల రాలేదు. ఆ తర్వాత ఎంత తొక్కినా ఎక్కడికీ పోని వ్యాయామం సైకిలు. దాని వెనకే గోనెసంచుల్లో గిన్నెలు. సాయంత్రం ఫోను చేసి, "నీ గది ఖాళీగానే ఉంది కదత్తా" అనేవాడు. అందులో కుళ్లు లేదు. మనిషి ఉన్న గదిని ఖాళీ గది అంటున్నానని అతనికి తట్టనే లేదు.

సర్దుకోవడం చంటికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. గదిలో నేరుగా నడవడం మానేసి పక్కకి తిరిగి జరగడం అలవాటు చేసుకుంది. సైకిలు చేతుల మీద తడిబట్టలు ఆరేసింది. దేవుడి పటానికి గోడ దొరక్క బీరువా మీద పెట్టింది. పొద్దున్నే దణ్ణం పెట్టుకోవాలంటే మెడ రిక్కించి చూడాల్సి వచ్చేది. దేవుడు కూడా తనలాగే ఇంకొకరి సామాను మీద ఒద్దికగా కూర్చున్నట్టు కనబడేవాడు.

*

కర్టెన్ల కొట్లో చంటిది కిటికీ పక్క మిషను. కొట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చినా ముందు రంగు అడగరు, గుడ్డ అడగరు. ఇల్లు సొంతమా, అద్దెదా అని అడుగుతారు. సొంతమైతే కింద మడత నాలుగు వేళ్ల వెడల్పు పెట్టి మిగిలింది కత్తిరించేస్తారు. అద్దెయిల్లయితే జానెడు గుడ్డ లోపలికి మడిచి, ఎడం ఎడంగా పైపై కుట్లు వేస్తారు. రేపు ఇల్లు మారితే, అక్కడ కిటికీ పొడుగైతే, కుట్లు లాగేసి గుడ్డ దింపుకోవచ్చు. ఎండ పడ్డప్పుడు ఆ జానెడు మడత కర్టెన్ అడుగున నల్లటి పట్టీలా కనబడుతుంది. అద్దెవాళ్ల కిటికీలను చంటి వీధిలోంచే పోల్చుకోగలదు.

ఆ రోజు పని తెమిలాక ఆమె బల్ల కిందినుంచి ఒక గుడ్డ తీసింది. కర్టెన్ గుడ్డ తాను చివర మిగిలిపోయిన ముక్క, వంకాయ రంగు. యజమానికి చెప్పి తీసిపెట్టుకుంది. అది బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు నిమిరి, సుద్దముక్కతో గీత గీస్తుంటే పక్క మిషను మీంచి రింగులమ్మ మెడ సాచింది. కర్టెన్లకి రింగులు బిగించే పని ఆవిడది. అసలు పేరేమిటో జీతాల రోజున కూడా ఎవరికీ గుర్తురాదు.

"ఎవరివే ఇవి? ఇంత గాఢమైన రంగు ఎవరు వేసుకుంటారు?"

"నావే అక్కా."

రింగులమ్మ చేతిలో సుత్తి ఆగింది. "నీకంటూ కర్టెన్లా? సరే, పద్ధతి ప్రకారం అడుగుతున్నాను. సొంతమా, అద్దెదా?"

"అద్దెదే. అదీ కొన్నాళ్లకే."

"అయితే జానెడు వదులు" అని రింగులమ్మ మళ్లీ సుత్తి ఎత్తింది.

చంటి జానెడు వదిలింది. మిషను మీద గుడ్డ జరుగుతుంటే ఎడంచెయ్యి దాన్ని చంటిబిడ్డ వీపులా తట్టుకుంటూ వెళ్లింది. రెండు రెక్కలు. అందరి కిటికీలకీ కుట్టి కుట్టి, తన కిటికీకి కుడుతుంటే కుట్టు వంకరపోతుందేమోనని ఆమెకు భయం వేసింది.

రింగులమ్మకి చంటి ఒక పూట భోజనం బాకీ. ఆ బాకీ ఏనాటిదో. సెలవు వచ్చిందంటే రింగులమ్మ ఆమెను తన వెంట ఇంటికి లాక్కుపోయేది. ఆ ఇరుకింట్లో కూతుళ్లు, అల్లుళ్లు, పిల్లలు ఒకరి మీద ఒకరు కూర్చుని తింటున్నా, చంటి కంచానికి ఎలాగో చోటు దొరికేది. చంటి మాత్రం ఒక్కసారీ తిరిగి పిలవలేకపోయింది. వదిన వంటింటికి తన మనిషిని పిలవాలంటే వదినను అడగాలి. వదిన అన్నయ్యను అడగాలి. అన్నయ్య ఎందుకని అడుగుతాడు. ఆ ఎందుకు దగ్గరే చంటి నోరు పెగిలేది కాదు. "నాకు ఒక పూట అన్నం బాకీ ఉన్నావే" అని రింగులమ్మ అప్పుడప్పుడు వేళాకోళం ఆడేది. నవ్వుతూనే అనేది. చంటీ నవ్వేది. ఆ మాట మాత్రం గుండెలో ముల్లులా ఉండిపోయేది.

దారం తెంపి, కర్టెన్ మడిచి పెట్టి, చంటి అటువైపు చూడకుండా అంది, "అక్కా, ఆదివారం మధ్యాహ్నం మా గదికి భోజనానికి రా."

"మీ గదికా, మీ అన్నయ్య గదికా?"

"మా గదికే" అంది చంటి. అనేసరికి చెవులు వేడెక్కాయి.

*

మర్నాడు సాయంత్రం కొట్లో కర్టెన్ కడ్డీలు బిగించే కుర్రవాడు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. మనిషీ పొడుగే. అందుకని అందరూ అతన్నే నిచ్చెన అంటారు. ముగ్గురు పిల్లల తండ్రి అయినా చంటికి తమ్ముడే.

"ఏంటక్కా, ఇది గదా, గోడౌనా?" అని అతను కుర్చీలు దాటుకుని, సైకిలు చుట్టూ తిరిగి, కిటికీ దగ్గరికి చేరాడు. టేపు తీశాడు. ఈ గోడ నుంచి బీరువా అంచు దాకా సాచాడు. తల గోక్కున్నాడు. చెంప గోడకి ఆనించి బీరువా వెనక్కి తొంగిచూశాడు.

"అక్కా, ఈ కొలత ఎవరు తీశారు?"

"ఎవరు తీస్తారు, నేనే."

"కిటికీ ఇక్కడితో ఆగలేదక్కా. బీరువా వెనక్కి కూడా వెళ్లింది. ఇంకో తలుపుంది అక్కడ." అతను పకపక నవ్వాడు. "కొట్లో చెబితే ఎవరూ నమ్మరు. చంటక్క కిటికీని బీరువా దాకా కొలిచిందంట."

చంటి నమ్మలేదు. వచ్చి చూసింది. బీరువాకీ గోడకీ మధ్య సందులో చెయ్యి పెట్టింది. వేళ్లకి కిటికీ చట్రం తగిలింది, దాని పక్కన చల్లటి అద్దం.

ఆ కిటికీని ఆమె మొదటిరోజు పూర్తిగా చూసింది. మూడు తలుపుల కిటికీ. దాని ఎండలోనే పడుకుని నిద్రపోయింది. కొలతలకి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇన్నేళ్లుగా ఆమె చెప్పే మాట ఒకటుంది, "అమ్మా, సోఫా జరపండి, బల్ల జరపండి, కిటికీ మొత్తం కనబడనిదే టేపు పెట్టను." గొప్పగొప్పవాళ్ల చేత కూడా మంచాలు జరిపించింది. అలాంటిది తన గదిలో, తన చేతుల్తో, టేపు బీరువా అంచు దాకా లాగి, అక్కడితో అయిపోయిందనుకుంది. బీరువా జరపాలన్న ఆలోచన రాలేదు. దాని వెనక తనది ఏదైనా ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

నిచ్చెన నవ్వు ఆపాడు. "పొరపాటు ఎవరైనా చేస్తారక్కా. ఊరికే అన్నాను."

"నువ్వటు పట్టు, నేనిటు పడతాను" అంది చంటి.

దేవుడి పటం తీసి వంటగట్టు మీద పెట్టింది. ఇద్దరూ బీరువాని పట్టుకుని ఒక్కో కాలూ జరుపుతూ గది మధ్యకి లాగారు. ఇనుము నేల మీద కీచుమంది. మూడో తలుపు బయటపడింది. బూజు, చచ్చిన పురుగులు, వాటి వెనక సాయంకాలపు వెలుగు. గడియ తుప్పుపట్టి ఉంటే చంటి దాన్ని అరచేత్తో కొట్టింది. రెండోసారి కొట్టింది. మూడోసారి గట్టిగా కొట్టేసరికి తలుపు తెరుచుకుని గాలి ముఖాన కొట్టింది. ఎదురు డాబా మీద నీళ్ల తొట్లు, ఎవరివో దుప్పట్లు, వాటి మీద చాలా ఆకాశం.

"ఉన్నవాటిని ఈ మేరకి తగిలించెయ్యమంటావా?" అన్నాడు నిచ్చెన.

"వద్దు. ఇంకో రెక్క కుడతాను. కడ్డీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెయ్యి."

"కొట్లో ఆ రంగు గుడ్డ అయిపోయిందిగా?"

"వేరే రంగు వేస్తాను."

"రెండు రంగులా? కస్టమర్లకైతే ఒప్పుకుంటావా?"

"నేను కస్టమర్ని కాను."

అతను గోడకి రంధ్రాలు వేస్తుండగానే ఫోను మోగింది. మేనల్లుడు.

"అత్తా, ఆదివారం నుంచి మన ఇంటికి రంగులు వేయిస్తున్నాం. పొద్దున్నే వ్యాను పెట్టుకుని సోఫాలు, టీవీ బల్ల, అమ్మ మంచం అన్నీ నీ దగ్గరికి తెచ్చేస్తాను. నెల్లాళ్లే."

"ఆదివారం కుదరదురా. నాకు చుట్టాలొస్తున్నారు."

"నీకా?" అన్నాడు మేనల్లుడు. వెటకారం లేదు. నిజంగానే అర్థం కాలేదు. "నీకు చుట్టాలంటే మేమే కదత్తా."

*

శుక్రవారం పని అయ్యాక చంటి అన్నయ్య ఇంటికి వెళ్లింది. హాలు బోసిగా ఉంది. గోడల మీద పటాలు తీసిన చోట మేకుల గుర్తులు. ఖాళీగా ఉంటేనే అందం అని మేనల్లుడు ఎక్కడో ఫొటోల్లో చూశాడు. అన్నయ్య మాత్రం ఎప్పటి కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. వదిన వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"తాళంచెవి కావాలన్నయ్యా" అంది చంటి, కూర్చోకుండానే.

"పారేసుకున్నావా?"

"నాది నా దగ్గరుంది. నీ దగ్గరున్నది కావాలి."

అన్నయ్య కళ్లజోడు తీశాడు. "ఎందుకు? ఒక్కదానివి ఉంటున్నావు. రేపు ఏ సుస్తో చేస్తే తలుపు ఎవరు తీస్తారు?"

"సుస్తీ చేస్తే పిలుస్తాను. ఇన్నిసార్లు తలుపు తీశారు, నాకు సుస్తీ చేసిందని ఒక్కసారీ తియ్యలేదు."

ఓ పక్కన కూర్చున్న మేనల్లుడు ఫోనులోంచి తలెత్తాడు. అన్నయ్య మాట మెత్తబడింది. కోపం వచ్చినప్పుడే ఆయన మాట మెత్తబడుతుంది. "చంటీ, సామాను నాలుగు రోజులు పెట్టుకోవడానికి ఇంత రాద్ధాంతమా? ఒక్కదానివి. నీకెంత చోటు కావాలి?"

"ఒక గది. మీ నలుగురికీ నాలుగున్నాయి. నేను ఎక్కువేమీ అడగట్లేదు."

"ఎవరు నేర్పి పంపారు నీకీ మాటలు?"

"ఎవరూ నేర్పలేదు. కాస్త ఆలస్యంగా వచ్చాయంతే."

వంటింట్లో ఏదో పొంగిన వాసన వచ్చింది, వదిన కదల్లేదు. చివరికి అన్నయ్య కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ముందు ఆదివారం గడవనీ. తర్వాత చూద్దాంలే" అన్నాడు, పిల్లలకి చెప్పినట్టు.

చంటి మెట్లు దిగుతుంటే వెనకనుంచి వదిన వచ్చింది. ఏదైనా మంచిమాట చెబుతుందేమోనని చంటి ఆగింది.

"బీరువాకి తేమ తగలకుండా చూడు చంటీ" అంది వదిన.

ఒళ్లు మండిపోయింది చంటికి. మనిషి ఇంత మాట్లాడి వెళ్తుంటే ఈవిడకి ఇనప డబ్బా బెంగ. జవాబు చెప్పకుండా వీధిలో పడింది.

*

శనివారం ఆమె నిమ్మపండు రంగు గుడ్డ తీసుకుంది. మూడో రెక్క కత్తిరించి, కింద నాలుగు వేళ్లు కొలిచి, మిగిలింది కత్తెరకి అందించింది. వంకాయ రంగు రెక్కలు రెండూ మళ్లీ బల్ల మీదికి లాగి, పైపై కుట్లు ఊడదీసి, ఆ జానెడు గుడ్డనీ కత్తిరించడం మొదలుపెట్టింది.

రింగులమ్మ కంగారుపడింది. "అదేంటే? అద్దెయిల్లేగా? రేపు మారితే గుడ్డ చాలదు."

"మారితే అప్పుడు కొత్తవి కుట్టుకుంటాను."

"పద్ధతి అంటూ ఒకటుంది కదే."

"ఇల్లు అద్దెదే అక్కా. నేను అద్దె మనిషిని కాను" అంది చంటి. కత్తెర గుడ్డ చివరిదాకా ఆగకుండా వెళ్లింది.

సాయంత్రం నిచ్చెన వచ్చి తాళం మార్చాడు. "అన్నయ్యకి చెప్పావా అక్కా?" అని అడిగి, ఆమె ముఖం చూసి, మళ్లీ అడగలేదు. కిటికీ పక్క గోడకి ఒక చెక్క బిగించాడు. అది దేవుడికి. కళ్ల ఎత్తున పెట్టమంది, మెడ రిక్కించక్కర్లేకుండా. వంటగట్టు పైన కొక్కేల వరస కొట్టించుకుని మూకుళ్లు, గరిటెలు తగిలించింది. కిటికీకి ఎదురుగా అద్దం పెట్టింది. దాంతో గదికి రెండో కిటికీ వచ్చినట్టయింది. నెల రోజులుగా రంగురంగుల పీలికలు జడలల్లి చుట్టలు చుట్టి కుట్టిన చాపని నేల మీద పరిచింది. బీరువా, కుర్చీలు, సైకిలు, గోనెసంచులు అన్నీ తలుపు పక్కకి చేర్చింది, ప్రయాణానికి సిద్ధమైన మనుషుల్లా.

చివరికి కర్టెన్లు తగిలించి, వెనక్కి నడిచి, వెన్ను గోడకి తగిలేదాకా వెళ్లి చూసింది. రెండు వంకాయ రంగు, ఒకటి పసుపు. జత కుదరలేదు. ఎవరైనా ఇలా కుట్టించుకుంటే ఆమే వద్దని చెప్పేది. చాలాసేపు చూసి, అలాగే ఉండనిచ్చింది.

ఆదివారం తెల్లవారాక స్నానం చేసి దీపం పెట్టింది. "ఈ గది చల్లగా ఉండాలి తండ్రీ" అంది. అలవాటు కొద్దీ అన్నయ్య, వదిన, పిల్లలు నోటికి వచ్చారు. కోపం ఉన్నా వాళ్లని తీసెయ్యలేదు. వరస అయ్యాక ఆగింది. తన పేరు చెప్పింది. చంటి అని కాదు, అసలు పేరు. పైకే చెప్పింది. దీపం ఎప్పటిలాగే వెలుగుతోంది. ఆయన విన్నాడో లేదో ఆమెకు తెలియలేదు. వినకపోతే రేపు మళ్లీ చెప్పొచ్చులే అనుకుని పొయ్యి వెలిగించింది.

*

కూర సగం ఉడికింది. తాళంలో చెవి గీసుకున్న చప్పుడు వినబడింది. తిరగలేదు. తీసి, ఊది, మళ్లీ పెట్టారు. చంటి మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, తొందరపడకుండా వెళ్లి తలుపు తీసింది.

"తాళం పాడైనట్టుందత్తా" అన్నాడు మేనల్లుడు.

"పాడవలేదు. మార్చాను."

అతను చేతిలో తాళంచెవిని, ఆమెని మార్చి మార్చి చూశాడు. వెనక మెట్ల మీద వదిన, చీరకుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, ఆయాసపడుతూ ఎక్కి వస్తోంది.

"వ్యాను కింద ఉందత్తా. నిండా సామాను. ఇప్పుడెక్కడ పెట్టను?"

"మీ ఇంట్లో. రంగులేసేవాళ్లు ఒక్కో గదీ వేస్తారు. ఒక గది వేస్తుంటే సామాను రెండో గదిలోకి జరుపుతారు. లోకమంతా అలాగే వేయించుకుంటోంది."

"నాన్న ఏమంటాడు?"

"ఏదో ఒకటి అంటాడు. విను. నేను వినలేదూ ఇన్నాళ్లూ?" చంటి పక్కకి తప్పుకుని దారిచ్చింది. "వట్టి చేతుల్తో దిగడం దేనికి, ఆ సైకిలు పట్టుకెళ్లు. తొక్కితే ఎటూ పోదు కానీ మోస్తే పోతుంది."

మేనల్లుడికి నవ్వొచ్చింది. నవ్వకూడదని గుర్తొచ్చి ముఖం ముడుచుకున్నాడు. ఏమీ తోచక సైకిలు భుజానికెత్తుకుని దిగాడు.

వదిన లోపలికి వచ్చింది. గదిని చూడలేదు. నేరుగా బీరువా దగ్గరికి వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించింది.

"దీన్ని కూడానా చంటీ?"

"ముందు దీన్నే వదినా."

వదిన సరిగ్గా పడని తలుపుని కాస్త పైకెత్తి లాగింది. అలా లాగాలని తెలిసిన మనిషిలా లాగింది. లోపల ఇస్త్రీ మడతల చీరలు, పాత తెల్లగుడ్డలో చుట్టిన పుస్తకాలు, మేనల్లుడి పసినాటి చొక్కా ఉన్నాయి. తనది కాని బీరువా అని చంటి ఒక్కనాడూ తెరిచి చూడలేదు. చిత్తు సామాను అనుకుంది.

"ఇది నాది" అంది వదిన. "పిల్లలకి పాఠాలు చెప్పి కొనుక్కున్నాను. మీ అన్నయ్య కొన్నది కాదు. అబ్బాయి దీన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాడు. గదిలో ఇనప బీరువా బాగోదంట. చంటి దగ్గరైతే ఉంటుందిలే, దాన్ని ఎవరూ కదిలించరులే అని నేనే పంపించాను."

చంటి నాలుగు రోజులుగా బీరువా మీద పెంచుకున్న కోపం ఎటు పోవాలో తెలియక మధ్యలో ఆగింది. పోనీలే వదినా, ఉండనీ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాటకి ఆ దారి బాగా అలవాటు. ఎన్నిసార్లు వచ్చిందో, వచ్చిన ప్రతిసారీ ఆమెది ఏదో ఒకటి పట్టుకుని వెళ్లింది. చంటి పళ్లు బిగించి దాన్ని లోపలే ఆపింది.

"ఇలా రా" అని వదిన చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పసుపు రెక్క పక్కకి లాగి మూడో తలుపు తెరిచింది. "కిందికి చూడు."

వీధిలో వ్యాను నిలబడి ఉంది. సోఫాల మీద వదిన మంచం కాళ్లు పైకి పెట్టుకుని పడుకుంది. పక్కన మేనల్లుడు సైకిల్ని ఎలా ఎక్కించాలా అని చూస్తున్నాడు.

"నెల్లాళ్లే అన్నాడు" అంది వదిన.

"నాకూ కొన్నాళ్లే అన్నారు వదినా."

వదిన మంచాన్ని చూస్తూ ఉండిపోయింది. గాలికి ఆమె నెరిసిన జుట్టు ముఖం మీద పడుతున్నా తోసుకోలేదు.

"నీ బీరువా నా కిటికీకి అడ్డం" అంది చంటి. మాట గట్టిగానే ఉంది కానీ చెయ్యి వదల్లేదు. "నేను దానికి కాపలా కాయలేను. అది ఉండాల్సింది నీ మంచం పక్కన. నువ్వు నోరు తెరిచి చెప్పాలి. నీ బదులు నేను చెబితే అది మళ్లీ నా దగ్గరికే వస్తుంది."

మేనల్లుడు రొప్పుతూ పైకి వచ్చాడు. వదిన బీరువా తలుపు మళ్లీ కాస్త ఎత్తి మూసింది.

"వ్యాను అబ్బాయిని పిలు. దీన్ని జాగ్రత్తగా దించండి. ఇంటికి తీసుకెళ్లి నా గదిలో పెట్టాలి. మంచం కూడా."

"అమ్మా, ఇది పాత సామానని నువ్వే అన్నావుగా?"

"అన్నది నువ్వు. నేను ఊరుకున్నాను." వదిన గొంతు పెంచలేదు. "ఇప్పుడు ఊరుకోవట్లేదు."

బీరువా మెట్ల మీద దిగుతుంటే మేనల్లుడు ఒక్కో మలుపు దగ్గరా ఎవరి మీద విసుక్కోవాలో తెలియక గోడ మీద విసుక్కున్నాడు. కుర్చీలూ గోనెసంచులూ దాని వెనకే దిగాయి. వదిన ఆఖరికి గుమ్మంలో నిలబడి గదిని చూసింది. చాప, అద్దం, దేవుడు, కర్టెన్లు.

"రెండు రంగులేంటే?"

"అలా కుదిరింది."

"ఏం బాగోలేదు" అంది వదిన. మళ్లీ చూసింది. "కానీ చూడబుద్ధేస్తోంది."

కిందికి దిగి, వ్యాను ముందు సీట్లో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. మేనల్లుడు వెనక మంచం పట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

*

రింగులమ్మ మధ్యాహ్నం వచ్చింది. మూడు అంతస్తులనీ, కట్టినవాళ్లనీ తిట్టుకుంటూ ఎక్కింది. లోపలికి రాగానే కుశలమైనా అడక్కుండా కిటికీ దగ్గరికి వెళ్లి, కర్టెన్ అంచు తిరగేసి కుట్టు చూసింది. మూడు రెక్కలూ చూసింది. రింగులు తను బిగించినవే అయినా వాటినీ లాగి చూసింది.

"కుట్టు పరవాలేదు" అని ఒప్పుకుని చాప మీద కూర్చుంది.

చంటి కంచం పెట్టి వడ్డించింది. అన్నం కాస్త మెత్తబడింది, తలుపు తియ్యడానికి వెళ్లిన వేళ కూర అడుగంటింది. ఆ సంగతి ముందే చెప్పేసింది. రింగులమ్మ తలాడించి కలుపుకుంది. ఆమె ఇంట్లోలా ఇక్కడ మాటల సందడి లేదు. వంగినప్పుడు గాజులు కంచానికి తగిలే చప్పుడు, కిటికీలోంచి గాలి, అంతే. రింగులమ్మ తినేటప్పుడు మాట్లాడదని ఇన్నేళ్లలో చంటి మొదటిసారి గమనించింది. ఆ ఇంట్లో ఆవిడ ఎప్పుడూ వడ్డిస్తూనే కనబడింది తప్ప తింటూ కనబడలేదు.

"మొహమాటపడకక్కా" అంది చంటి.

"నాకేం మొహమాటమే, ఇంకొంచెం వెయ్యి."

చంటి వేసింది. రింగులమ్మ అడుగంటిన కూర కూడా అడిగి వేయించుకుంది. మెతుకు మిగల్చకుండా తిని, కంచాన్ని వేలితో చుట్టూ తుడిచి, తృప్తిగా నిట్టూర్చింది.

"తీరిందే నీ బాకీ" అంది.

చంటి చెంబు తీసుకుని వచ్చి ఆవిడ చేతుల మీద నీళ్లు పోసింది.